బూర కట్టిన సొరబుర్ర

గాడిద చెప్పే కథ ఎవరు వింటారులే అనుకునేవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు, నాకేం కోపం లేదు. ఉన్నా చేసేదేముంది, ఈ వయసులో తన్నడానికి కాళ్ళు కూడా లేవడం లేదు. కానీ జొన్నవాగు ఒకప్పుడు ఎలా ఉండేదో, ఆ గట్టున మేమంతా ఎలా బతికామో చెప్పడానికి ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. ఉండేవాళ్ళు ఉండండి. మధ్యలో చెవులాడిస్తే మాత్రం ఊరుకోను.

నా పేరు పోలమ్మ. పధ్నాలుగేళ్ళు రేవుకి బట్టల మూటలు మోశాను. ఇక మోయలేనని తేలాక నన్ను వాగు గట్టున వదిలేశారు. అక్కడ నాకంటే ముందే చేరిన పెద్దాయన బొల్లయ్య, ఒంటి మీద తెల్లమచ్చలున్న ముసలెద్దు. ఆయన్ని నేను మామా అనేదాన్ని. మోటబావులున్న రోజుల్లో బొల్లయ్య మామ మోట లాగినవాడు. వాలులో ముందుకి నడిచి తోలుతిత్తి నిండా నీళ్ళు పైకి తేవడం, మళ్ళీ ఆ వాలే వెనక్కి వెనక్కి నడిచి ఎక్కడం. తెల్లారి మొదలుపెడితే పొద్దు నడినెత్తికి వచ్చేదాకా అదే పని. ఊళ్ళోకి కరెంటు మోటార్లు వచ్చాయి, మోటలు పోయాయి, మామ గట్టుకొచ్చాడు. ఇప్పటి దూడలకి ఎద్దు వెనక్కి నడుస్తుందంటే నవ్వొస్తుంది. ఆ నడక చూసిన కళ్ళు నావి. ఎంత అందమో చెప్పలేను.

బాతు వెంకాయమ్మ కూడా మా గట్టునే ఉండేది. నన్ను వదినా అనేది. ఆ ఏడాది తొమ్మిది గుడ్లు పెడితే తొమ్మిదీ పిల్లలయ్యాయి. అంతకు ముందు ఏడాది ఏడు పెడితే రెండే మిగిలాయి. మిగతా ఐదూ ఏమయ్యాయో మా అందరికీ తెలుసు. అడిగే ధైర్యమే ఎవరికీ లేదు. తుమ్మపొదలో కాపురముండే నక్క పానకాలు మాత్రం ఆ ఏడాదంతా నిగనిగలాడుతూ తిరిగాడు.

ఎండాకాలం వస్తే వాగంతా ఎండి ఒక్క మడుగు మిగిలేది. గట్టు మీద ఎన్ని నోళ్ళో అన్నింటికీ ఆ మడుగే దిక్కు. అందుకని ఎవరు ముందు తాగాలి, ఎవరు ఏ రేవులో దిగాలి అని చెప్పడానికి ఒక వాగుపెద్ద ఉండేవాడు. ఆ పెద్దరికం కోసం ఏటా తిరునాళ్ళయిన మూడోరోజు పందెం. ఒకప్పుడు ఈత పందెమే పెట్టేవాళ్ళట. ఒక ఏడు ఓ లేగదూడ మునిగిపోయింది. అప్పట్నుంచి పెద్దలు ఈత మానిపించి సొరబుర్రల పందెం పెట్టారు.

పందెం అంటే పెద్ద తతంగమేం కాదు. ఎండిన సొరకాయని నిలువునా చీల్చి ఆ చిప్పని నీళ్ళలో వదలాలి. మడుగు సన్నబడే చోట ఆరు బారల వెడల్పుంటుంది. ఎవరి బుర్ర ముందు అవతలి గట్టు తాకితే వాళ్ళే ఆ ఏటికి పెద్ద. వదిలాక ముట్టకూడదు, తోయకూడదు. నీళ్ళు తాగే నోరున్న ప్రతివాళ్ళకీ పందెంలో దిగే హక్కుంది. బొల్లయ్య మామ ఏటా తన బుర్రకి మోదుగాకు తెరచాపలా నిలబెట్టి గాలి ఎటు మళ్ళుతుందో చూసి వదిలేవాడు. ఏడేళ్ళుగా ఆయనే పెద్ద. ఆయన పెట్టిన కట్టడి ఒక్కటే, పిల్లలు ముందు. పొద్దున్నే, తల్లుల పక్కన, అందరూ చూస్తుండగా పిల్లలు తాగాక పెద్దవాళ్ళు తాగాలి. నక్క వంతు అన్నిటికంటే చివర.

ఆ ఏడాది తిరునాళ్ళ మర్నాడు పానకాలు మెడలో ఒక పొట్లం వేలాడేసుకుని గట్టంతా ఊరేగాడు. బూరలమ్మే ఆయన సైకిల్ మీద వాగు దాటుతూ జారవిడుచుకున్న పొట్లమది. ఊదితే ఉబ్బే రబ్బరు బూరలు, ఎరుపు, పచ్చ, నీలం, ఎన్నో.

"ఏంటి పానకాలన్నా, తిరునాళ్ళలో బూరలమ్ముకున్నావా?" అన్నాను.

"నవ్వవే పోలమ్మా, నవ్వు. ఈ ఏడు పందెంలో నేనూ దిగుతున్నా."

"నీకు సొరబుర్ర ఎవరిచ్చార్రా?" అన్నాడు బొల్లయ్య మామ నెమరేస్తూ.

"బుర్రది ఏముంది మామా, ఎక్కడైనా దొరుకుతుంది. నీ మోదుగాకుకి గాలి కావాలి. గాలొచ్చేదాకా దేవుడా దేవుడా అని కూర్చోవాలి. నాకా బాధ లేదు. గాలినే మూట కట్టి తెస్తున్నా."

అంటూ ఒక ఎర్ర బూర తీసి మూతి దగ్గర పెట్టుకుని ఊదాడు. కళ్ళు బయటికొచ్చేలా ఊదాడు. బుగ్గలు నొప్పెట్టాయో ఏమో బూర పళ్ళలోంచి జారింది. బుర్రుమంటూ లేచి నా చెవుల మధ్యనుంచి దూసుకుపోయి, కొబ్బరాకు మీద తగిలి, తిరిగొచ్చి, వంకర్లు పోతూ ఎటో పోయి, చివరికి వెంకాయమ్మ పిల్లల మధ్యలో సొమ్మసిల్లి పడింది. పిల్లలు గోలగోలగా దాని మీద పడ్డాయి. పానకాలు ఒక్క గంతు వేశాడు. "చూశారా జోరు! చూశారా!"

అవును, జోరు అందరం చూశాం. అది ఎటు పోయిందన్నది మాత్రం పానకాలు చూడలేదు.

"నేను పెద్దనయితే కట్టడి మారుతుంది," అన్నాడు తోక దులుపుకుంటూ. "పొద్దున్నే పిల్లలు దిగి నీళ్ళు బురద చేస్తున్నారు. ఇకనుంచి పిల్లలు సాయంత్రం తాగుతారు. ఒక్కొక్కరే రావాలి. తల్లులు పక్కనుంటే గోల, కాబట్టి తల్లులు రాకూడదు. తుమ్మపొద పక్క రేవు వాళ్ళకి."

వెంకాయమ్మ పిల్లలన్నిటినీ రెక్కల కిందకి లాక్కుంది. తొమ్మిదీ పట్టలేదు, రెండు బయటే మిగిలాయి. వాటిని చూస్తే నాకు ఏడుపొచ్చింది, దాచుకోనక్కర్లేదు.

పానకాలు వెళ్ళిపోయేముందు పిల్లల ముందు పడున్న ఎర్ర బూర వైపు కాలు చాచాడు. ఒడ్డున ఎండ కాస్తున్న తాబేలు కూర్మయ్య తల బయటికి పెట్టాడు. పందేలకి తగువు తీర్చేది ఆయనే. "నీ నోట్లోంచి జారింది, ఎవరి ముందు పడిందో వాళ్ళదవుతుంది. గట్టు ఆనవాయితీ అది," అన్నాడు.

"ఉంచుకోండి, ఉంచుకోండి. ఆ ఒక్క రబ్బరు పీలికతో ఏం చేస్తారు, పిల్లలకి పక్క వేస్తారా?" అని నవ్వుతూ పోయాడు పానకాలు.

వాడు కనుమరుగయ్యాక వెంకాయమ్మ బావురుమంది. "మామా, మూడోరోజున గాలి వీస్తుందా?"

బొల్లయ్య మామ ముట్టె పైకెత్తి చాలాసేపు వాసన చూశాడు. "వీయదమ్మా. రెండు మూడు రోజులు ఆకు కదలదు. ఉక్క పోసేలా ఉంది."

"అయితే నా పిల్లలు?"

మామ పిల్లల దగ్గరున్న ఆ బూర వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. "పోలమ్మా, నీ ఓండ్ర ఊరంతా వినబడుతుంది కదా. అందులో సగం ఊపిరి పెట్టి దాన్ని ఊదు, చూద్దాం."

ఊదాను. నక్కలా ఆయాసపడలేదు, నాలుగు ఊపిర్లలో గుమ్మడికాయంత చేశాను. పెదవులు వదిలాను. బూర పోయి నేరుగా మామ నుదుటికి కొట్టుకుంది. పిల్లలు కిలకిలా నవ్వాయి. మామ నవ్వలేదు.

"దాని మూతి ఎటుంది? పోయింది ఎటు?"

"మూతి నా నోట్లో ఉంది మామా, నా వైపు. పోయింది నీ వైపు."

"మళ్ళీ ఊదు."

మళ్ళీ ఊదాను. మళ్ళీ అదే. ఇంకోసారి పక్కకి తిరిగి ఊదాను. మూతి ఎటుంటే దానికి ఎదురుగా పోతోంది. నాకు తల తిరిగింది. "ఇదేం పాడు బుద్ధి దీనికి! మూతి ఎటుంటే అటు కదా నడక. చీమ దగ్గర్నుంచి ఏనుగు దాకా అందరం మూతి ముందు పెట్టుకునే నడుస్తాం."

బొల్లయ్య మామ లేచాడు. కీళ్ళు పటపటమన్నాయి. ఒడ్డున తడి మట్టిలోకి నడిచి ఒక చోట ఆగి, బండి లాగుతున్నట్టు మెడ వంచి ముందుకు బలంగా అడుగేశాడు. "ఇప్పుడు నా గిట్ట జాడ చూడు. మట్టి ఎటు లేచింది?"

చూశాను. గిట్ట వెనకాల మట్టి కుప్పగా లేచుంది. "వెనక్కి."

"అంతే. బండి లాగేవాడు నేలని వెనక్కి తోస్తాడు. నేల వాడిని ముందుకి తోస్తుంది. మాటకి మాట, దెబ్బకి దెబ్బ. నువ్వు ఎంత తోస్తే అది అంత తోస్తుంది, అణా పైసా తేడా రాదు. బురదలో ఎందుకు కూరుకుపోతాం? వెనక్కి తోద్దామంటే బురద జారిపోతుంది, తోయడానికి పట్టు దొరకదు. ఎన్ని వర్షాకాలాలు ఏడ్చానో ఆ సంగతి తెలియడానికి."

వెంకాయమ్మ ఏడుపు ఆపి తన కాళ్ళ వైపు చూసుకుంది. "అవును మామా! నేనూ ఈదేటప్పుడు నీళ్ళని వెనక్కే నెడతాను. ఇన్నేళ్ళు ఈదాను, ఒక్కసారీ ఆలోచించలేదు."

అప్పుడు నాకూ గుర్తొచ్చింది. రేవులో ఉన్నప్పుడు ఒక కుక్క నా వెనక చేరి మొరుగుతుంటే విసుగొచ్చి రెండు కాళ్ళూ ఎత్తి తన్నాను. కుక్క తప్పుకుంది. నా తన్ను బట్టలుతికే బండకి తగిలింది. బండ కదల్లేదు. నేనే ముందుకు బోర్లా పడి ముట్టె ఇసుకలో దూర్చుకున్నాను. అందరూ నవ్వారు. బండే నన్ను తోసిందని ఇన్నాళ్ళకి అర్థమైంది నాకు.

"ఈ బూరలోనూ అంతే," అన్నాడు మామ. "ఇది తన కడుపులో గాలిని వెనక్కి తోస్తోంది. ఆ గాలి దీన్ని ముందుకి తోస్తోంది. మనం మూతి మూతి అంటున్నాం కానీ అది మూతి కాదమ్మా. అది దీని వెనక కాలు."

వెంకాయమ్మ మొహం వెలిగింది. నేనయితే ఆనందం పట్టలేక ఓండ్ర పెట్టబోయాను. "నోరు ముయ్యవే, నక్క వింటాడు!" అని మామ కసిరాడు. ఆ కసురు కూడా నాకు ఇప్పుడు ముద్దొస్తుంది.

ఇక పని మొదలైంది. బూర వదిలితే వంకర్లు పోతోంది కదా, ఆ మూతి తపతపలాడకుండా ఏదైనా గొట్టం పెట్టాలన్నాడు మామ. వెంకాయమ్మ ఆముదపు చెట్టు దగ్గరికి పోయి లేత ఆకు కాడ తెచ్చింది. ఆముదపు కాడ లోపల బోలు. ఆ కాడని బూర మూతిలో దూర్చి గట్టిగా నారతో కట్టాం. గొట్టం సన్నంగా ఉండేసరికి గాలి ఒక్కసారే పోకుండా నెమ్మదిగా, ఎక్కువసేపు పోతోంది. సొరబుర్ర అడుగున అంటుకున్న ఎండు మట్టి, పీచు అంతా గీకించాడు మామ. "ఇరుసుకి కందెన లేకపోతే ఎంత లాగినా బండి ఏడుస్తుంది. నీళ్ళలో కూడా గరుకు గరుకే," అన్నాడు. నేను ఆ బుర్రని ఇసుకలో రాసి రాసి నున్నగా చేశాను. నున్నటి అద్దంలా అయిందని పొగుడుకోను, పర్వాలేదు అన్నంతగా అయింది.

రెండో రోజు మధ్యాహ్నం నేను ఒంటరిగా రేగుచెట్టు నీడలో నిలబడి ఉంటే పానకాలు వచ్చాడు. మొహం నిండా నవ్వు. "పోలమ్మక్కా" అన్నాడు. నక్క అక్కా అంటే భయపడాలని మా అమ్మ చెప్పింది.

"ఏం చేస్తున్నారక్కా మీరంతా? నిన్న ఆముదపు చెట్టు దగ్గర బాతుని చూశాను."

"జలుబు చేసింది దానికి."

"సర్లే. ఒక మాట అడుగుతా చెప్పు. బుర్రకి బూర కట్టాను. ఇంతుంది, కడవంత. ఇక రేపటి పందెం నాదే. కానీ దాని మూతి ఎటు పెడితే బాగుంటుందా అని చిన్న అనుమానం. ముందుకా, వెనక్కా?"

వీడు ఒక్కసారి ఊరి గుంటలో వదిలి చూసుకుంటే చాలు, మా పని అయిపోయేది. వాడా పని ఎందుకు చేయలేదంటారా? చేయడు. కష్టపడి తెలుసుకోవడం కంటే గాడిదని అడిగి తెలుసుకోవడం తేలిక వాడికి. పైగా గాడిద అబద్ధమాడదని లోకమంతా నమ్మకం. అబద్ధమాడేంత తెలివి లేదని.

నేను అబద్ధం ఆడలేదు. ఒట్టు. ఊరికే ఒక ప్రశ్న వేశాను.

"నీ మూతి ఎటుంది పానకాలన్నా?"

"ముందుకి."

"నువ్వు నడిచేదెటు?"

"ముందుకే."

"మూతి వెనక్కి పెట్టుకుని నడిచేవాళ్ళని ఎక్కడైనా చూశావా?"

పానకాలు పగలబడి నవ్వాడు. "చూశాను, మీ బొల్లయ్యని! మోట దగ్గర వెనక్కి వెనక్కి నడిచేవాడుగా! అందుకే మోట పోయింది, ఆయనా మూలపడ్డాడు. ఎంతైనా నువ్వు గాడిదవే అక్కా, కానీ మాట మాత్రం సరైంది చెప్పావు." తోక ఊపుకుంటూ వెళ్ళిపోయాడు.

వాడు మామని అలా అన్నందుకు మాత్రం నాకు ఒళ్ళు మండింది. నిన్నటిదాకా ఉన్న కాస్త జాలి కూడా పోయింది. రేపు కానీరా అనుకున్నాను.

మూడోరోజు తెల్లారింది. మామ చెప్పినట్టే ఆకు కదల్లేదు. మడుగు నీళ్ళు నూనె పోసినట్టు నిలిచి ఉన్నాయి. మేకలు, కుందేళ్ళు, కౌజుపిట్టలు, అందరూ గట్టు మీద చేరారు. అందరి కళ్ళలో ఒకటే బెంగ. ఇవాళ మోదుగాకు పని చేయదు. ఇవాళ నక్క గెలిస్తే సాయంత్రం నుంచే తుమ్మపొద రేవు.

పానకాలు బుర్ర తెచ్చాడు. దాని మీద పచ్చ బూర, నిజంగానే కడవంత. మూతి అవతలి గట్టు వైపు చూస్తోంది. తను పక్కన మోకాటిలోతు నీళ్ళలో నిలబడి బూర మూతిని పళ్ళతో పట్టుకున్నాడు. మా బుర్ర మీద ఎర్ర బూర చిన్నది, పుచ్చకాయ పిందెంత. ఆముదపు కాడ వెనక్కి, మా వైపు. దాని చివర వెంకాయమ్మ ముక్కుతో నొక్కి పట్టుకుంది.

పానకాలు మా బూర చూసి ముక్కుతో నవ్వాడు, పళ్ళ మధ్య మూతి ఉంది కాబట్టి నోటితో నవ్వలేకపోయాడు. మూతి వెనక్కి పెట్టారు ఈ అమాయకులు అనుకుని ఉంటాడు. గట్టు మీద మేకలు కూడా అదే అనుకున్నాయి. "అయ్యో, మామ వెనక్కి పెట్టాడే" అని ఒక ముసలి మేక ఏడవడం నాకు వినిపించింది.

"వదలండి!" అన్నాడు కూర్మయ్య.

వెంకాయమ్మ ముక్కు తెరిచింది. పానకాలు పళ్ళు తెరిచాడు.

ఏం చెప్పమంటారు! పచ్చ బూర గాలంతా ఒక్కసారి వాడి మొహాన కొట్టింది. మీసాలు వెనక్కి వాలాయి. బుర్ర ముందుకి ఒక్క వేలెడు కూడా పోలేదు. వెనక్కి తిరిగిన కోడెలా వచ్చి మా గట్టు మట్టికి ధబీమని గుద్దుకుంది, బూర ఊడి పైకి లేచింది, గాల్లో నాలుగు గింగిరాలు కొట్టి పోయి వాడి తుమ్మపొద మీదే పడింది. ముళ్ళు కదా. ఢాం అంది. కౌజుపిట్టలన్నీ ఒక్కసారి లేచిపోయాయి.

నవ్వడానికి మాకు తీరిక లేదు. మా చూపంతా ఎర్ర బూర మీదే ఉంది. సన్నగా సుయ్యిమంటూ వెనక నీళ్ళ మీద గాలి వదులుతూ పోతోంది బుర్ర. ఒక బార, రెండు, మూడు. జోరేం లేదు. నిదానంగా, మామ నడిచినట్టే. నాలుగో బార దాటింది. అప్పుడు ఆ సుయ్యిమనడం ఆగిపోయింది. బూర వాలిపోయి బుర్రలో ముద్దలా పడింది.

గాలి అయిపోయింది. ఇంకా రెండు బారల దూరముంది.

"అయిపోయింది వదినా, అయిపోయింది," అంది వెంకాయమ్మ.

"ఏం అయిపోలా," అన్నాడు మామ. "లాగడం ఆపగానే బండి టక్కున ఆగుతుందా? పట్టి ఆపేదేదైనా ఉంటే ఆగుతుంది. లేకపోతే పోతూనే ఉంటుంది. ఊరికే బుర్ర నున్న చేయించానా? చూడు."

చూశాం. గాలి లేదు, తోసేవాళ్ళు లేరు, అయినా బుర్ర పోతూనే ఉంది. మెల్లగా. ఇంకా మెల్లగా. ఒక బార. అర బార. పిల్లబాతులు కూడా ముక్కులు మూసుకున్నాయి. అవతల ఒడ్డు బురద దగ్గరికి పోయి, ఇక ఆగుతుందేమో అన్నంత మెల్లగా పోయి, తాకింది. బుర్ర అంచు కాస్త పైకి లేచి బురదలో ఆనుకుని నిలిచింది.

ఈసారి నేను ఓండ్ర పెట్టాను. మామ నన్ను కసరలేదు.

నక్క ఊరుకుంటాడా? మొహం తుడుచుకుంటూ కూర్మయ్య దగ్గరికి వచ్చాడు. "పెద్దాయనా, న్యాయం చెప్పు. గట్టు తాకాలన్నారు. నా బుర్ర గట్టు తాకింది. వీళ్ళ బుర్ర కంటే ముందే తాకింది. ఏ గట్టని ఎవరన్నారు?"

"ఇవతలి గట్టు తాకడానికి పందెం ఎందుకురా నాయనా?" అన్నాడు కూర్మయ్య. "అది ఉన్నదే ఇవతలి గట్టున. ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట నీలాంటివాడు." తల లోపలికి లాక్కున్నాడు. ఆయన తల లోపలికి పోయిందంటే తీర్పు అయిపోయినట్టే.

పానకాలు నా వైపు తిరిగాడు. "నువ్వే కదూ మూతి ముందుకి పెట్టమన్నది!"

"నేనన్నానా? నీ మూతి ఎటుందని అడిగాను, అంతే."

మేకలు పొట్టలు పట్టుకుని నవ్వాయి. నిజం చెప్పాలంటే నేను కూడా కాస్త గర్వపడ్డాను. గాడిదకి గర్వపడే అవకాశాలు జీవితంలో ఎన్నొస్తాయి చెప్పండి.

బొల్లయ్య మామ మాత్రం నవ్వలేదు. పెద్దరికం మీదపడ్డ మొహం పెట్టి నక్క ముందు నిలబడ్డాడు. "పానకాలూ, ఒక మాట అడుగుతా నిజం చెప్పు. పుట్టాక నువ్వెప్పుడైనా ఒక బరువు లాగావా?"

"నేనెందుకు లాగుతాను?"

"అదీ సంగతి. లాగి ఉంటే గెలిచేవాడివి. ఇక విను. ఈ ఏడు కట్టడి. పిల్లలు ముందు. అది ఎప్పుడూ ఉన్నదే. కొత్తది ఒకటుంది. ఆ తుమ్మపొద పక్క రేవుకి ముళ్ళకంప అడ్డం వేయాలి, పిల్లలు పొరపాటున కూడా అటు దిగకుండా. ఆ కంప లాగి వేసేది నువ్వే. వేశాకే నీ నీళ్ళ వంతు."

దాహం వేస్తే నక్కయినా ఎద్దయినా ఒకటే. మధ్యాహ్నానికి పానకాలు వచ్చాడు. నరికి పడేసిన తుమ్మకంపకి తీగ కట్టి భుజాన వేసుకున్నాడు. మూతి ముందుకి చాచి, మెడ సాచి, మూతితోనే లాగేద్దామని చూశాడు. కంప కదలలేదు. కాళ్ళు ఇసుకలో జారాయి. వాడు బోర్లా పడ్డాడు. మళ్ళీ లేచాడు. మళ్ళీ పడ్డాడు.

బొల్లయ్య మామ నెమరు ఆపి అన్నాడు. "మూతి మరిచిపోరా. వెనక కాళ్ళు గట్టి నేల మీద పెట్టి నేలని వెనక్కి తన్ను."

పానకాలు మామ వైపు ఒకసారి చూశాడు. వెనక కాళ్ళు గులకరాళ్ళ మీద ఆనించి తన్నాడు. కంప కదిలింది. ఇంకోసారి తన్నాడు. ఇంకో అడుగు కదిలింది. వాడి మొహంలో ఆ క్షణం కనిపించినది కోపం కాదు, ఆశ్చర్యం. ఎవరో కొత్తగా వాడిని వాడికే పరిచయం చేసినట్టు కాళ్ళ వైపు చూసుకున్నాడు. పొద్దు వాలేలోగా తన పొద దారి తనే మూసేశాడు.

తర్వాతి వానాకాలం దాటకుండా బొల్లయ్య మామ పోయాడు. ఇసుక లారీలొచ్చి ఆ మడుగుని అడుగంటా తోడేశాయి. వెంకాయమ్మ చెరువుకి మారింది. కూర్మయ్య ఎక్కడున్నాడో తెలియదు. మళ్ళీ ఒక్కసారి ఆ గట్టున మామ పక్కన నిలబడాలనిపిస్తుంది. పందెం గెలిచిన ఆ ఎండాకాలం రోజూ పొద్దున్నే వెంకాయమ్మ పిల్లలు ముందుగా మడుగులో దిగేవి. నేను ఒడ్డున నిలబడి లెక్క పెట్టేదాన్ని. వర్షాలు పడి వాగు నిండేదాకా రోజూ లెక్క పెట్టాను. తొమ్మిది. తొమ్మిదికి తొమ్మిదీ ఉన్నాయి.

చెవులు పెట్టి విన్నారు కాబట్టి చెబుతున్నా, ఎక్కడికైనా చేర్చేది ముందుకు చాచిన మూతి కాదు, వెనక్కి తన్నిన కాలు.